మొబైల్ హోమ్‌కి టీవీ యాంటెన్నా: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఇళ్లకి టీవీ యాంటెన్నాలు బిగించడం నా పని. మామూలు ఇంటికైనా మొబైల్ హోమ్‌కైనా (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే ఇల్లు) యాంటెన్నా ఒకటే, సిగ్నలూ ఒకటే, తేడా అంతా బిగించడంలోనే ఉంది. మొబైల్ హోమ్‌కి పల్చటి పైకప్పు, చాలావాటికి రేకు గోడలు, ఇంటికి అవతల స్తంభం మీద ఉండే కరెంటు మీటరు. ఈ మూడింటినీ పట్టించుకోకుండా ఏదో వీడియోలో పెద్ద ఇంటికి చేసింది చూసి అలాగే చేసేస్తే చానెళ్లు రాకపోగా వానాకాలంలో పైకప్పు కారడం మొదలవుతుంది.

అపోహ: పెట్టె మీద 200 మైళ్లు అని ఉంది, కాబట్టి అన్నీ వస్తాయి.

రావు. టీవీ సిగ్నల్ దాదాపు తిన్నగా ప్రయాణిస్తుంది, భూమేమో గుండ్రం, అందుకని 60, 70 మైళ్లు దాటితే టవరు ఆ వంపు చాటుకి వెళ్లిపోతుంది. టవరు ఎత్తైన కొండ మీద ఉంటేనో, వాతావరణం కలిసొచ్చిన ఏ రాత్రో ఇంకా దూరం నుంచి రావచ్చు గానీ, దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టకూడదు. కొనే ముందు ఎఫ్‌సీసీ (అమెరికాలో ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వాళ్ల డీటీవీ మ్యాప్‌లోనో, ర్యాబిట్‌ఇయర్స్ సైట్‌లోనో మీ అడ్రసు కొట్టి ఏ స్టేషన్ ఏ దిక్కున ఉంది, ఎంత బలంగా అందుతోంది అని చూడండి. స్టేషన్లన్నీ ఒకే వైపు ఉంటే ఆ వైపుకే గురిపెట్టే పొడవాటి యాంటెన్నా, రెండు మూడు దిక్కుల్లో ఉంటే కాస్త విశాలంగా పట్టేది.

ఆ రిపోర్టులోనే అసలు చానెల్ నంబరు అని ఇంకో అంకె ఉంటుంది, దాన్ని మాత్రం వదలకండి. టీవీలో 5.1 అని కనిపించే స్టేషన్ నిజంగా 5వ చానెల్ మీద వస్తోందని గ్యారంటీ లేదు. 2009 జూన్ 12కల్లా పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కి మారిపోయాయి, తర్వాత 2020కల్లా పై చానెళ్లు ఖాళీ చేయించి ఫోన్ కంపెనీలకి ఇచ్చేశారు. ఇప్పుడు మిగిలినవి 2 నుంచి 36. తరంగం పొడవుని బట్టి వీటికి మూడు పేర్లు: 14 నుంచి 36 వరకు యూహెచ్ఎఫ్ (అన్నిటికన్నా పొట్టి తరంగాలు), 7 నుంచి 13 హై వీహెచ్ఎఫ్, 2 నుంచి 6 లో వీహెచ్ఎఫ్. యూహెచ్ఎఫ్‌కి యాంటెన్నా కడ్డీ అడుగు పొడవు ఉంటే సరిపోతుంది, 7వ చానెల్‌కి దాదాపు మూడడుగులు, 2వ చానెల్‌కి ఎనిమిది అడుగుల పైమాటే. ఇప్పుడు చెప్పండి, పుస్తకమంత పలక ఒకటి పెట్టి అన్ని చానెళ్లూ పడతాయంటే ఎలా నమ్మాలి? మీ ఊరి స్టేషన్లన్నీ యూహెచ్ఎఫ్‌లోనే ఉంటే చిన్నదే తీసుకోండి, గాలికి కూడా తక్కువ ఊగుతుంది.

అపోహ: 4కే కోసం, కొత్త నెక్స్ట్‌జెన్ టీవీ కోసం వేరే యాంటెన్నా కావాలి.

అక్కర్లేదు. మారేది టీవీలో సిగ్నల్‌ని అందుకుని చదివే ట్యూనరు. కొత్త పద్ధతి సిగ్నల్ కూడా అవే చానెళ్ల మీద వస్తుంది, పదిహేనేళ్ల కిందటి యాంటెన్నా తుప్పు పట్టకుండా ఉంటే దాన్నే వాడుకోండి.

అపోహ: లోపల కిటికీకి అతికిస్తే చాలదా?

టవరు దగ్గర్లో ఉండి, ఆ కిటికీ అటువైపే ఉంటే చాలుతుంది. మిగతావాళ్లకి కష్టమే. మొబైల్ హోమ్‌లు ఎలా కట్టాలో చెప్పే ఫెడరల్ హడ్ కోడ్ 1976 జూన్‌లో అమల్లోకి రాకముందు కట్టిన పాత ఇళ్లలో చాలావాటికి గోడలూ పైకప్పూ లోహపు రేకే, సిగ్నల్‌ని అది బయటే ఆపేస్తుంది. కొత్తవాటికి బయట వినైల్ ఉన్నా లోపల రేకు పూత ఉన్న ఇన్సులేషనో, పైన మెటల్ రూఫో ఉండవచ్చు.

అపోహ: పైకప్పు మీద ట్రైపాడ్ పెట్టి స్క్రూలు బిగిస్తే అయిపోతుంది.

దయచేసి ఈ పని చేయకండి. మొబైల్ హోమ్ పైకప్పు కింద ఉండే చెక్కలు సన్నవి, వాటి మీద కాలు పెట్టడానికే నేను జంకుతాను. అలాంటి చోట నాలుగు కన్నాలు కొట్టి, గాలికి ఊగే గొట్టాన్ని నిలబెడితే ఆ ఊపుకి కన్నాలు వదులైపోతాయి. కారుతున్న సంగతి సీలింగ్ మీద మచ్చ పడ్డాక గానీ తెలియదు.

సరైన పద్ధతి, ఇంటి చివరి గోడ పక్కన నేలలో కాంక్రీటు పోసి గాల్వనైజ్డ్ గొట్టం పాతడం, చూరు దగ్గర ఒక బ్రాకెట్‌తో గోడ లోపలి చెక్కకి పట్టించడం. బరువు నేల మోస్తుంది, బ్రాకెట్ ఊగకుండా పట్టుకుంటుంది, అంతే. బ్రాకెట్ స్క్రూ రేకులోకి కాదు, వెనక చెక్కలోకి దిగాలి. రేకు పైకప్పుకి యాంటెన్నా మరీ దగ్గరగా ఉంటే పని చెడుతుంది, నాలుగైదు అడుగులు పైకి ఉంచండి. గొట్టం మరీ ఎత్తయితే స్టే వైర్లు (గొట్టాన్ని పక్కల నుంచి లాగి పట్టే తీగలు) కావాలి, వాటికి వేరే యాంకర్లు పాతండి. ఇంటిని గాలికి కదలకుండా నేలకి కట్టే టై-డౌన్ పట్టీలు ఉన్నాయి కదా అని వాటికి తగిలించేవాళ్లని చూశాను, అవి ఇంటి కోసం, మీ యాంటెన్నా కోసం కాదు.

తవ్వే ముందు 811కి (భూమిలో ఏ లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే నంబరు) ఫోన్ చేయండి, ఉచితమే. కానీ వాళ్లు గుర్తు పెట్టేది యుటిలిటీ కంపెనీల లైన్లకి మాత్రమే, పార్కు (మొబైల్ హోమ్‌లకి స్థలం అద్దెకిచ్చే కాలనీ) సొంతంగా వేసుకున్న నీళ్ల పైపులూ కేబుళ్లూ అందులో రావు, వాటి గురించి మేనేజర్‌ని అడగాల్సిందే. ఇక పైన కరెంటు తీగలు ఉంటే గొట్టం ఏ వైపు పడినా వాటికి తగలనంత దూరంలో పాతాలి. మీటరున్న స్తంభం గట్టిగా ఉంది కదా అని దానికే యాంటెన్నా కట్టేద్దామనుకుంటారు కొందరు. అస్సలు వద్దు.

అపోహ: పక్కన ఒక రాడ్ దిగ్గొట్టి వైరు చుడితే ఎర్త్ అయిపోయినట్టే.

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. యాంటెన్నా గొట్టానికీ కేబుల్‌కీ ఎర్త్ ఇవ్వడమే కాదు, ఆ ఎర్త్ ఇంటి కరెంటు ఎర్త్‌తో కలిసి ఉండాలి. విడిగా రాడ్ వేసి వదిలేస్తే, పిడుగు దగ్గర్లో పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా వచ్చి అది మీ టీవీ గుండానే పోతుంది. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం గొట్టానికి కనీసం 10 గేజ్ రాగి తీగ, వేరే రాడ్ వేస్తే దాన్ని అసలు ఎర్త్‌తో కలపడానికి 6 గేజ్ రాగి తీగ కావాలి. కేబుల్ ఇంట్లోకి వెళ్లే చోట గ్రౌండ్ బ్లాక్ (కేబుల్‌ని ఎర్త్ తీగకి కలిపే చిన్న ముక్క) పెట్టాలి.

మొబైల్ హోమ్‌తో చిక్కేమిటంటే ఆ అసలు ఎర్త్ సాధారణంగా ఇంటి గోడకి ఉండదు, మీటరున్న స్తంభం దగ్గర ఉంటుంది, అది 30 అడుగుల అవతల కూడా ఉండవచ్చు. అందుకే నేను గొట్టం ఎక్కడ పాతాలో చూసేటప్పుడు టవరు దిక్కు కన్నా ముందు ఆ స్తంభం ఎటుందో చూస్తాను. యాంటెన్నాని ఎటైనా తిప్పుకోవచ్చు, ఎర్త్‌ని ఇటు తీసుకురాలేం. ఇంటి లోపలి ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ విడివిడిగా ఉంటాయి, కాబట్టి దాన్ని తెరిచి తోచిన చోట తీగ తగిలించొద్దు. ఈ ఒక్క పని ఎలక్ట్రీషియన్‌కి అప్పజెప్పండి. ఇంత చేసినా పిడుగు నేరుగా యాంటెన్నా మీద పడితే ఏ ఎర్త్ కూడా పూర్తిగా కాపాడలేదు.

అపోహ: చానెల్ ఆగి ఆగి వస్తోందంటే యాంప్లిఫయర్ పెట్టాలి.

యాంప్లిఫయర్ లేని సిగ్నల్‌ని పుట్టించదు. కేబుల్లో, స్ప్లిటర్లో పోయేదాన్ని పూడుస్తుంది, అది కూడా పైన యాంటెన్నా దగ్గరే పెడితేనే. మొబైల్ హోమ్‌లో కేబుల్ 50 అడుగులకి మించడం అరుదు, మంచి ఆర్‌జీ-6 కేబుల్‌లో అంత దూరానికి పోయేది సుమారు 3 డెసిబెల్స్. టీవీ ఒక్కటే అయితే చాలాసార్లు ఏదీ అక్కర్లేదు. పైగా టవరు దగ్గర్లో ఉంటే యాంప్లిఫయర్ తట్టుకోలేక ఉన్న చానెళ్లు కూడా పోతాయి. 36వ చానెల్‌కి కాస్త పైనే ఇప్పుడు ఫోన్ సిగ్నళ్లు ఉన్నాయి, సెల్ టవరు దగ్గరైతే ముందు ఆ ఫోన్ సిగ్నళ్లని ఆపే ఎల్‌టీఈ ఫిల్టర్ ప్రయత్నించండి.

అపోహ: పార్కు వాళ్లు వద్దంటే ఇక అంతే.

అంతే కాదు. 1996 నుంచి ఎఫ్‌సీసీ నియమం ఒకటి ఉంది, 1999 నుంచి అది అద్దె స్థలాలకీ వర్తిస్తోంది: మీరు అద్దెకి తీసుకుని మీరొక్కరే వాడుకునే స్థలంలో టీవీ యాంటెన్నాని పార్కు నిషేధించకూడదు. నిజమైన భద్రతా కారణాలుంటే షరతులు పెట్టవచ్చు, పైకప్పుకి 12 అడుగులకి మించి గొట్టం లేస్తే పర్మిట్ అడగవచ్చు. అందరూ వాడే ఉమ్మడి స్థలంలో మాత్రం మీకు ఆ హక్కు లేదు. గొడవ పెట్టుకునే ముందు ఆ నియమం ప్రింటు తీసి మర్యాదగా చేతిలో పెట్టండి, చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

ఇక కేబుల్ లోపలికి ఎటు నుంచి? గోడకి కన్నం కొట్టకండి. స్కర్టింగ్ (ఇంటి అడుగు చుట్టూ కట్టే పలకలు) వెనక నుంచి ఇంటి కిందకి తీసుకెళ్లి, టీవీ ఉన్న చోట నేల గుండా పైకి తీయండి. లోపలికి వెళ్లే ముందు కేబుల్‌ని కాస్త కిందకి వంచి వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది. ఇంటి అడుగుని కప్పి ఉంచే షీటు, బెల్లీ ర్యాప్‌కి కన్నం పెడితే దాని టేపుతోనే గట్టిగా మూసేయండి, లేదంటే చలికాలంలో ఎలుకలు ముందు ఆ కన్నాన్నే వెతుక్కుంటాయి.