తాత దవడలో తుమ్మమొద్దు

హన్మకొండ
కనుమ వెళ్లిన మూడో రోజు

బిడ్డలూ,

మీరు కరీంనగర్ బస్సెక్కి వెళ్లినప్పటి నుంచి ఇల్లు బోసిపోయింది. అమ్మమ్మ పొద్దున సకినాల డబ్బా మూత తీసి చూసి, "ఈసారి సగం కూడా ఒడువలేదు" అని మళ్లీ మూత పెట్టింది. ఒడువకపోవడానికి కారణం నేనే. భోగి నాడు మీరంతా కరకరమని నములుతుంటే నేను గిన్నెలో చల్లారిన గట్క పెట్టుకొని కూర్చున్నాను. అప్పుడు చిన్నది నా పక్కకు జరిగి రెండు ప్రశ్నలు అడిగింది. "తాతా, నా పన్ను దానంతటదే ఊడింది గదా, నీది ఎందుకు కోసి తీసిండ్రు?" అని ఒకటి. "జ్ఞానదంతం తీసేస్తే జ్ఞానం పోతదా?" అని ఇంకొకటి. చుట్టాలు నవ్వారు. నేను కూడా ఏదో అని దాటేశాను. రాత్రి పడుకున్నాక నాకే బాధనిపించింది. పిల్ల తెలుసుకుందామని అడిగితే అలా దాటేయకూడదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. పెద్దోడా, నువ్వు చదివి చెల్లెకు వినిపించు.

రెండో ప్రశ్నకు జవాబు చిన్నదే. జ్ఞానం ఎక్కడికీ పోదు. నోట్లో అన్నిటికన్నా వెనక ఉండే ఆ పన్ను ఎక్కువమందికి 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తుంది. బుద్ధి తెలిసే వయసులో వస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. మన వరంగల్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్లు అకల్ దాడ్ అంటారు, అకల్ అన్నా బుద్ధే. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు ఉంటాయి. కొందరికి రెండే వస్తాయి, కొందరికి అసలు రానే రావు.

ఇక మొదటి ప్రశ్న. చిట్టితల్లీ, మొన్న ఊడిన నీ పన్నును అమ్మ కుంకుమ భరిణెలో దాచింది కదా. మా చిన్నప్పుడైతే పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరేవాళ్లం. నా పన్ను ఒకటి పెంకుల మీద నుంచి జారి మళ్లీ వాకిట్లోనే పడితే, ఇక కొత్త పన్ను రాదేమోనని ఆ రాత్రంతా ఏడ్చాను. నీ పన్ను నీ దగ్గరే ఉంది కాబట్టి దాన్ని తీసి తలకిందులుగా పట్టుకొని చూడు. కింద పొడుగాటి వేరు కనిపించదు, చిన్న గుంటలా ఉంటుంది. మొదట్లో దానికీ వేరు ఉండేది. కింద నుంచి కొత్త పన్ను పైకి వస్తున్నకొద్దీ పాతదాని వేరు కొంచెం కొంచెంగా కరిగిపోయింది. వేరు కరిగాక పన్నును పట్టి ఉంచేది ఏముంటుంది? నాలుకతో నాలుగుసార్లు కదిపితే వచ్చేసింది. నా పన్ను కింద నుంచి ఇంకో పన్ను రాదు. దాని వేరు అలాగే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది.

ఇది అర్థం కావాలంటే మీకు మా బావి కాడి తుమ్మ గురించి చెప్పాలి.

పరకాల దగ్గర మన ఊళ్లో బావి ఒడ్డున మోటరు గది ఉండేది. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఆ గది గోడకు, వెనక రాతి గట్టుకు నడుమ ఒక తుమ్మ మొలిచింది. అక్కడ జానెడు జాగా కూడా లేదు. నిటారుగా పెరగలేక అది గోడ మీదికి ఒరిగింది. మా బాపు దాన్ని చూసి, "వానలు పడంగనే పీకుదాం" అన్నాడు. వానలు పడ్డాయి, నాట్లొచ్చాయి, కలుపులొచ్చాయి, తుమ్మ సంగతి అందరం మరిచిపోయాం. మరుసటి ఏడు అది వేలంత లావైంది. ఆపైన నా మణికట్టంత అయింది. ఒకసారి పైన నరికేశారు, మొద్దు మిగిలింది, పక్క నుంచి మళ్లీ చిగుళ్లు పెట్టింది. 1974లో, నాకు 12 ఏళ్లప్పుడు, మోటరు గది గోడ నెర్రె ఇచ్చింది. అప్పుడు గాని బాపు కదల్లేదు.

మొలకప్పుడైతే తుమ్మ తడి మట్టిలో నుంచి రెండు వేళ్లతో పట్టి లాగితే వచ్చేది. ఎర్ర చెలక సంగతి మీరు చూశారు కదా. వాన పడ్డ మర్నాడు వేలు పెడితే దిగుతుంది, ఎండాకాలంలో గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. దవడ ఎముక కూడా అంతే. 18, 20 ఏళ్లప్పుడు జ్ఞానదంతానికి వేరు ఇంకా పూర్తిగా తయారు కాదు, చుట్టూ ఉన్న ఎముక కొంచెం సాగుతుంది. 25 దాటేసరికి ఎక్కువమందికి వేరు పూర్తవుతుంది. నలభై, యాభై, అరవై అంటూ పోయేకొద్దీ ఎముక గట్టిపడుతుంది, దానికీ పంటి వేరుకూ మధ్య ఉండే సందు సన్నబడుతుంది. అదే పన్నును ఆ వయసులో తీయాలంటే పని ఎక్కువ, వాపు ఎక్కువ, మానడానికి పట్టే రోజులూ ఎక్కువ. నాకు ఇప్పుడు 63.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ఈ కింది కుడివైపు పన్ను నాకు ముప్పై రెండో ఏటనే బాధ పెట్టింది. దవడలో జాగా చాలక, ముందున్న పంటి మీదికి ఒరిగి సగమే పైకి వచ్చింది. మిగతా సగాన్ని చిగురు కప్పేసింది. ఆ చిగురు కింద అన్నం మెతుకులు ఇరుక్కునేవి, చీము పట్టేది, నోరు తెరవలేకపోయేవాణ్ని. లవంగం నమిలేవాణ్ని, మెడికల్ షాపులో అడిగి గోలీలు తెచ్చుకునేవాణ్ని. నాలుగు రోజులకు తగ్గేది. తగ్గితే పోయిందనుకునేవాణ్ని. బాపు తుమ్మను వదిలేసినట్టే నేనూ ఈ పన్నును ముప్పై ఏళ్లు వదిలేశాను. కిందటి దసరా తర్వాత చూస్తే దాని ముందున్న మంచి పన్ను పుచ్చడం మొదలైంది. మోటరు గది గోడ నెర్రె ఇచ్చినట్టు!

మా మొద్దు తీయడానికి ఊళ్లో పెద్దాయన ఒకరు వచ్చారు. మొద్దులు తీయడంలో చేయి తిరిగిన మనిషి. ఆయన వచ్చీ రాగానే గడ్డపార పట్టలేదు. మొద్దు చుట్టూ రెండుసార్లు తిరిగి, "బావి నుంచి మడికి పోయే పైపు యాడికెల్లి పోతది?" అని అడిగాడు. ఆ పైపు మొద్దుకు జానెడు దూరంలోనే భూమిలో ఉంది. అది పగిలితే ఆ కార్తె పంట ఎండిపోయేది.

పళ్ల డాక్టరమ్మ కూడా ముందు అదే చూసింది. కింది దవడ లోపల ఒక నరం పోతుంది. కింది పెదవికి, గదవకు స్పర్శ తెలిసేది దానివల్లనే. జ్ఞానదంతం వేర్లు కొందరిలో ఆ నరానికి ఆనుకొనే ఉంటాయి. అందుకని ఓపీజీ అని ఒక ఎక్స్‌రే తీశారు. గడ్డం ఒక పీట మీద ఆనించి కదలకుండా నిలబడితే, యంత్రమే తల చుట్టూ తిరిగి దవడలన్నీ ఒక్క బొమ్మలో చూపిస్తుంది. నా నరం వేరుకు కొంచెం దూరంగా ఉందని తేలింది. మరీ ఆనుకొని ఉంటే, ఒక్కోసారి పంటి పైభాగం మాత్రమే తీసేసి, వేర్లను అక్కడే వదిలేస్తారట. పైపును కాపాడటానికి వేరును భూమిలోనే ఉంచడం లాంటిది.

ఇంకా చాలా అడిగింది. బీపీ ఉందా, షుగర్ ఎంత, రక్తం పలచబడే గోలీలు వాడుతున్నారా, ఎముకల బలానికి మందులు గాని ఇంజెక్షన్లు గాని తీసుకున్నారా అని. ఎముకలకు వాడే కొన్ని మందుల వల్ల పన్ను తీసిన చోట దవడ ఎముక ఒక్కోసారి మానక తిప్పలు పెడుతుంది. రక్తం పలచబడే గోలీలను మనంతట మనం ఆపితే గుండెకు ప్రమాదం. పెద్ద వయసులో పన్ను తీయించుకునేవాళ్లు మందుల చీటీలన్నీ సంచిలో వేసుకొని పోవాలి. నేను అట్లనే పోయాను. షుగర్ కొంచెం ఎక్కువుందని మూడు వారాలు ఆగి, తగ్గాకే తీసింది.

ఆ రోజు దవడలో మత్తు సూది ఇచ్చిన పది నిమిషాలకు కింది పెదవి అరటిపండంత లావైనట్టు అనిపించింది. అద్దంలో చూసుకుంటే మామూలుగానే ఉంది. నొప్పి తెలియలేదు. నెట్టడం, గుంజడం, మరచప్పుడు, ఇవి మాత్రం తెలిశాయి. చిగురును కొంచెం కోసి, పన్నును నడుమకు మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను అది వంగిన దారినే బయటికి తీసింది. మా పెద్దాయన కూడా మొద్దును గొడ్డలితో చీల్చి, ఏ వేరు ఎటు వంగితే అటే లాగాడు. "ఎదురు గుంజితే ఇరుగుతది" అనేవాడు. అయిపోయాక డాక్టరమ్మ స్టీలు పళ్లెంలో ముక్కలు చూపించింది. పసుపు కలిసిన తెలుపు రంగు, ఒక వేరు కొస కొడవలిలా వంగి ఉంది. దాని పక్కన అంటుకున్న నల్లటి పాచి, ముప్పై ఏళ్లుగా నేను తోమలేకపోయిన చోటిది. నేను దాన్ని చాలాసేపు చూశాను.

మొద్దు తీశాక గుంత మిగిలింది కదా. బాపు దాంట్లో మట్టి పోసి నీళ్లు చల్లాడు. సాయంత్రానికి కోళ్లు వచ్చి గెలకడం మొదలుపెట్టాయి. మా అమ్మ తుమ్మకంప తెచ్చి దాని మీద అడ్డం వేసింది. నోట్లో గుంతకూ అలాంటి మట్టి ఉంటుంది. రక్తం గడ్డకట్టి గుంతను నింపుతుంది. ఆ గడ్డ ఊడకుండా కాపాడుకోవాలి. అందుకే ముందు దూది గుడ్డను ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోమన్నారు. ఆ రోజంతా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో తాగొద్దు, నాలుకతో కెలకొద్దు అన్నారు. నాలుకే నా కోడి, ఊరికే అటే పోయేది. మర్నాటి నుంచి మాత్రం గోరువెచ్చని ఉప్పునీళ్లు మెల్లగా నోట్లో తిప్పి వదిలేయాలి. నా దోస్తు ఒకాయన ఇట్లనే పన్ను తీయించుకొని రెండో రోజే చుట్ట ముట్టించాడు. నాలుగో రోజుకు చెవి దాకా సలుపు పుట్టి నిద్ర లేక ఏడ్చాడు. గడ్డ ఊడిపోయి ఎముక బయటపడితే అంత నొప్పి. మళ్లీ పోయి మందు పెట్టించుకున్నాకే తగ్గింది.

మూడో రోజుకు నా బుగ్గ బూరెలా ఉబ్బింది. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. భద్రకాళి చెరువు కట్ట మీద నడక వారం మానేశాను. అమ్మమ్మ జొన్న గట్క, పెరుగన్నం, మెత్తగా పిసికిన అరటిపండు పెట్టింది. ఎనిమిదో రోజు కుట్లు విప్పారు.

పై ఎడమవైపు నాకు ఇంకొకటి ఉంది, ఎముకలోనే పూర్తిగా పూడిపోయి. అదీ తీసేయమని అడిగాను. "అది ఎవరి జోలికీ పోవట్లేదు, ఈ వయసులో ఊరికే ఎందుకు కదిలించడం, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి చూసుకుందాం" అంది. సబబే అనిపించింది. మన చెలకలో మర్రిగడ్డ మీద పాత వేపమొద్దు ఇంకా అలాగే ఉంది, దానివల్ల నాగలికి అడ్డం లేదు, గోడకు నెర్రె లేదు.

పిల్లలూ, ఇంతవరకు తుమ్మ కథ బాగా నడిచింది. ఇక్కడ నాకు చెప్పడానికి మాట చాలడం లేదు. బావి కాడి గుంతలో మట్టి బాపు పోశాడు. నా దవడ గుంతలో ఎవరు పోస్తున్నారు? మూడు నాలుగు వారాల్లో పైన చిగురు మూసుకుంటుంది. లోపల ఆ రక్తపు గడ్డ పోగులుగా మారి, ఆ పోగుల్లో మెల్లగా ఎముక పుట్టి, కొన్ని నెలల్లో గుంత నిండుతుంది. అరవై మూడేళ్ల ఒంట్లో, నేను నిద్రపోతున్నప్పుడు కూడా, ఎవరూ చెప్పకుండానే ఈ పని జరుగుతోంది. రోజూ తెల్లారి పళ్లు తోముకునేటప్పుడు అది గుర్తొచ్చి కాసేపు ఆగిపోతున్నాను.

చిన్నదానా, నీకు ఇప్పుడు ఎనిమిది నిండాయి. జ్ఞానదంతం దవడ లోపల గట్టిపడటం మొదలయ్యేది 7 నుంచి 10 ఏళ్ల మధ్యలోనే. అంటే నువ్వు ఈ ఉత్తరం వింటున్నప్పుడు, పదేళ్ల తర్వాత బయటికి రావాల్సిన పన్ను నీ దవడలో ఎక్కడో ఆవగింజంతగా తయారవుతూ ఉండొచ్చు.

ఇప్పుడు మీ ఇద్దరికీ ఒక పని. రాత్రి అన్నం తిన్నాక నోరు కడుక్కొని, టార్చి పట్టుకొని అద్దం ముందు నిలబడి పళ్లు లెక్కపెట్టండి. చిన్నదానికి 24 దాకా ఉండాలి. ఊడిన చోటు ఖాళీగా ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది. చివర ఉన్న పెద్ద పళ్లు పాలపళ్లు అనుకోకు, అవి ఆరేళ్లప్పుడు వచ్చినవి, ముసలితనం దాకా నీతో ఉండాల్సినవి. పెద్దోడికి 12 కాబట్టి 28కి దగ్గర పడి ఉంటాయి. తర్వాత అమ్మను నోరు తెరవమనండి. అన్నిటికన్నా వెనక పన్ను నిటారుగా ఉందా, చిగురు కింద సగం దాగి ఉందా చూడండి. సగమే కనిపిస్తే, నేను చెప్పానని పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అమ్మకు ఇంకా 36 ఏళ్లే.

లెక్కలు ఒక కార్డు మీద రాసి పంపండి. నాకు పైకి కనిపించేవి 30, లోపల దాక్కున్నది ఒకటి.

మీ తాత