కృష్ణబిలాలతో ఐన్‌స్టీన్‌కు పరీక్ష: అసలు మలుపు 1972లోనే

2025 జనవరి 14న అందిన జీడబ్ల్యూ250114 అనే గురుత్వ తరంగ (స్థలం, కాలం కలిసిన కాలదేశంలో అలలా సాగే ప్రకంపన) సంకేతం, గురుత్వం విషయంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతమే చివరి మాటా అన్న పాత వాదనను మళ్లీ రాజేసింది. ఒక్కొక్కటి సూర్యుడికి 30 రెట్లకు పైగా బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసిపోయాయి. అలా పుట్టిన కొత్త బిలం కొట్టిన గంటలా కంపించి, సెకనులో చాలా చిన్న వంతులోనే సద్దుమణిగింది. ఆ కంపనాల్లో ప్రధాన స్వరమే కాక, చప్పున అణగిపోయే ఉపస్వరం కూడా దొరికిందని, రెండూ ఐన్‌స్టీన్ లెక్కకు సరిపోయాయని ఈ తరంగాలను పట్టే లైగో-విర్గో-కాగ్రా పరిశోధనశాలల బృందం సెప్టెంబరులో ప్రకటించింది. ఇక ప్రత్యామ్నాయ గురుత్వ సిద్ధాంతాల పని అయిపోయినట్టేనని ఒక పక్షం అంటోంది.

ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది? జవాబు కోసం 2015 నాటి తొలి సంకేతం దగ్గర ఆగితే చాలదు. 1972లో హాకింగ్ రాసిన పరిశోధనా పత్రం దాకా వెళ్లాలి.

అప్పట్లో ఐన్‌స్టీన్‌కు గట్టి పోటీ బ్రాన్స్-డికీ సిద్ధాంతం. 1961లో వచ్చింది. గురుత్వ స్థిరాంకం నిజానికి స్థిరం కాదని, విశ్వమంతా పరుచుకున్న ఒక స్కేలార్ క్షేత్రాన్ని (ప్రతిచోటా దిశ లేని ఒక్క విలువే ఉండే క్షేత్రాన్ని) బట్టి మారుతుందని దాని ప్రతిపాదన. మరి సిద్ధాంతం మారితే కృష్ణబిలమూ మారాలి కదా? మారదని హాకింగ్ తేల్చారు. బిలం కుదురుకున్నాక దాని చుట్టూ ఆ క్షేత్రం ఎగుడుదిగుడులు లేకుండా చదునైపోతుంది. ఇక మిగిలేది ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పే, ద్రవ్యరాశి, భ్రమణం అనే రెండు సంఖ్యలతో పూర్తిగా తేలిపోయే కెర్ బిలమే. 2012లో సోతిరియూ, ఫరావోనీ అనే పరిశోధకులు ఇదే ఫలితాన్ని ఆ కుటుంబంలోని మరిన్ని సిద్ధాంతాలకు విస్తరించారు.

వాదనంతా ఇక్కడే ముడిపడి ఉంది. కెర్ లెక్కకు సరిపోయే బిలం కనబడితే ఐన్‌స్టీన్‌కు ఢోకా లేదని తెలుస్తుంది. పోటీ సిద్ధాంతం తప్పని మాత్రం తెలియదు, ఎందుకంటే అది చెప్పేదీ అదే బిలం. బ్రాన్స్-డికీని మూలకు నెట్టింది కృష్ణబిలం కానే కాదు. కస్సీని వ్యోమనౌకతో సూర్యుడి పక్కగా సాగిన రేడియో సంకేతాలను కొలిచి, 2003లో ఆ పని చేశారు.

కృష్ణబిలం దగ్గర నిజంగా తేడా చూపే సిద్ధాంతాలు వేరే ఉన్నాయి. వాటిలో గాస్-బోనే అనే రకంలో స్కేలార్ క్షేత్రాన్ని పుట్టించేది కాలదేశపు వక్రతే, అంటే గురుత్వం వల్ల అది వంగడమే. అందుకే అక్కడ క్షేత్రం చదునుగా ఉండిపోదని 2014లో సోతిరియూ, జౌ చూపారు. కొన్ని రూపాల్లో వక్రత ఒక హద్దు దాటితేనే క్షేత్రం తల ఎత్తుతుందని 2018లో వేర్వేరు బృందాలు లెక్కగట్టాయి.

కాబట్టి బిలం సైజు చూడాలి. బరువు పది రెట్లయితే అంచు దగ్గర వక్రత వందో వంతుకు పడిపోతుంది. 2019లో ఫొటో విడుదలైన ఎం87 బిలం బరువు 650 కోట్ల సూర్యులంత. అక్కడి వక్రత ఎంత స్వల్పమంటే, ఆ ఫొటో చూసి ఈ సిద్ధాంతాలకు తీర్పు చెప్పడం న్యాయం కాదు. 2023 మే 29న అందిన సంకేతం అలాంటిది కాదు. అందులో బరువైన వస్తువు 2.5 నుంచి 4.5 సూర్యులంతే. అది కృష్ణబిలమే అయితే గాస్-బోనే ప్రభావం ఎంత బలమైనదో చెప్పే పొడవు (అది చిన్నదైతే ప్రభావమూ చిన్నదే) కిలోమీటరు లోపే ఉండాలి. ఈ సిద్ధాంతాలను నిజంగా ఇరకాటంలో పెట్టేది ఇలాంటి చిన్న బిలాలే.

ఉపస్వరం తగవు మరొకటి. 2015 సంకేతంలోనే అది ఉందని 2019లో ఒక బృందం అంటే, పరికరాల రొదను వేరు చేసి ఆ మాట చెప్పలేమని 2022లో మరో బృందం కాదంది. కొత్త సంకేతం అంతకన్నా మూడు రెట్లు స్పష్టమైనది కాబట్టి, ఉపస్వరం ఉంటుందన్న పక్షమే నెగ్గింది.

కానీ పోలిక దేనితో చేశారు? ఇన్నేళ్ల పరీక్షల్లో ఎక్కువ భాగం ఐన్‌స్టీన్ తరంగాన్నే తీసుకుని, సంఖ్యలు కొద్దిగా అటూఇటూ జరిపి చూసినవి. గాస్-బోనే వంటి సిద్ధాంతాల్లో రెండు బిలాలు ఢీకొనే ఘట్టాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడానికి నమ్మదగిన దారి 2020లో గానీ దొరకలేదు. కోవాచ్, రీల్ చూపిన ఆ దారి కూడా కొత్త ప్రభావం బలహీనంగా ఉన్నంతవరకే పనిచేస్తుంది. పోటీ సిద్ధాంతం సొంతంగా గీసిన తరంగాన్ని సంకేతం పక్కన పెట్టి చూడటం ఇప్పుడిప్పుడే మొదలైంది.