సంక్రాంతి విస్తట్లో కొర్రలూ చిక్కుళ్లూ

చిరంజీవులకు ఆశీస్సులు.

పండగనాడు అరిసెలూ గారెలూ మానమని నేను చెప్పను. వాటికి నూనే బెల్లమూ పడాల్సిందే. పక్కన వడ్డించే కూర కూడా నూనె ఓడుతుంటే మాత్రం, భోజనమయ్యాక గాలిపటం పట్టుకుని మేడ ఎక్కే ఓపిక మీకుండదు. ఈసారి వంటలో చెయ్యి వేస్తామన్నారు గనక మూడు వంటకాలు రాస్తున్నాను. పొయ్యి దగ్గర పెద్దవాళ్లను ఒకరిని ఉంచుకోండి.

ముందు కొర్రల పులిహోర. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని 2023ని జరిపింది గానీ, రాయలసీమలో, తెలంగాణలో కొర్రన్నం తరాల నాటిది. పాలిష్ పట్టని కొర్రలే కొనండి. తవుడు పొర మిగిలిన గింజ పసుపుపచ్చగా ఉంటుంది, పొర పోతే తెల్లగా పాలిపోతుంది. ఆ పొరలో నూనె ఉండటం వల్ల పాతబడితే ముక్కిన వాసన వస్తుంది, వాసన చూసి మరీ తీసుకోండి.

గ్లాసు కొర్రలు మూడుసార్లు కడిగి, రెండు గ్లాసుల నీళ్లు పోసి గంట నానబెట్టండి. ఆ నీళ్లతోనే అరచెంచా ఉప్పు, చెంచా నూనె వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగాక మూతపెట్టి సన్నసెగ మీద 12 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. నీరు ఇంకాక పొయ్యి కట్టేసి, మూత తీయకుండా మరో 10 నిమిషాలు వదిలేయండి. అందరూ తొందరపడేది ఇక్కడే. వేడిమీద గరిటె పెడితే గింజ చితికి, జిగురు బయటికొచ్చి ముద్దయిపోతుంది. వెడల్పు పళ్లెంలో పరిచి, ఆరాక వేళ్లతో విడదీయండి.

తాలింపుకు రెండు పెద్ద చెంచాల నువ్వులనూనె చాలు. పల్లీలు వేగడానికి సమయం పడుతుంది కాబట్టి ముందు అవి, తర్వాత శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, చివర్లో ఇంగువ, పసుపు. ఒకటిన్నర నిమ్మకాయ రసం తాలింపు చల్లారాకే పిండాలి, పొయ్యి మీద పోస్తే చేదెక్కుతుంది. కొర్రలు పులుపును నెమ్మదిగా పీల్చుకుంటాయి. అరగంట ఆగి రుచి చూశాకే ఉప్పూ పులుపూ సరిచేయండి.

చిక్కుడుకాయలకు ఇదే కాలం. అరకిలో కాయలకు రెండు వైపులా నార తీసి, తుంచుతూ లోపల పురుగుందేమో చూడండి. చిన్నవాళ్లు కూడా చేయగల పని ఇది. మరుగుతున్న ఉప్పునీళ్లలో మూత లేకుండా 6 నుంచి 8 నిమిషాలు ఉడికించండి. మూతపెడితే కాయల్లోంచి వచ్చే పులుపు ఆవిరి తిరిగి నీళ్లలోనే పడి పచ్చదనం పోతుంది. వార్చి, రెండు చెంచాల నూనెతో పోపు పెట్టి, నువ్వులపొడి చల్లండి. పొడికి రెండు పెద్ద చెంచాల నువ్వులు, మూడు ఎండుమిర్చి. నువ్వులు చిటపటమనగానే దించేయాలి, నల్లబడితే కూరంతా చేదే.

ముల్లంగి పెరుగుపచ్చడి తేలిక. రెండు ముల్లంగులు తురిమి, చిటికెడు ఉప్పు వేసి 10 నిమిషాలాగి గట్టిగా పిండండి. వడ్డించే ముందే చిక్కటి పెరుగులో కలపండి, లేకపోతే నీరూరి పల్చబడుతుంది. పిండిన నీళ్లు పప్పుచారులో పోయొచ్చు, ఆ మేరకు అందులో ఉప్పు తగ్గించండి.

ఈ కొలతలు ఐదుగురికి. పదిమంది వస్తే కొర్రలు రెండు గిన్నెల్లో వండండి. ఒకే గిన్నెలో పోస్తే అడుగున మెత్తబడి, పైన పలుకుగా ఉండిపోతాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ