విల్మింగ్టన్ దారిలో వచ్చే ఆ కంపు

ప్రియమైన పిల్లలకు,

మన నార్త్ కరోలినా రాష్ట్రంలో రాలీ నుంచి విల్మింగ్టన్ బీచికి ఐ-40 హైవే మీద వెళ్తుంటే, శాంప్సన్, డూప్లిన్ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) దగ్గర ఒక్కోసారి కారులోకి పందుల ఫారాల ఘాటైన కంపు కొడుతుంది. మీరు ముక్కు మూసుకుని అద్దాలు ఎక్కించేస్తారు. అక్కడ పుట్టి పెరిగే పిల్లలకు ఆ వీలు లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఒక్క డూప్లిన్‌లోనే మనుషులు సుమారు 50 వేలు, పందులు దాదాపు 20 లక్షలు. కంపెనీల కోసం వాటిని పొడవాటి షెడ్లలో వేలకు వేలుగా పెంచుతారు. నేలకు సందులుంటాయి. పెంట, మూత్రం ఆ సందుల్లోంచి కిందికి జారి, పక్కనే తవ్విన పెద్ద గుంతలోకి చేరతాయి. వీటినే అక్కడ లాగూన్లు అంటారు. పైకప్పు ఉండదు. అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ గాల్లో కలుస్తుంటాయి. గుంత నిండుతుంటే ఆ నీళ్ళు పొలాల మీద చిమ్ముతారు. పెంట చేనుకు బలమే కదా అని మీ నానమ్మలు అంటారు, నిజమే. కానీ పైరు తీసుకోగా మిగిలిన నత్రజని, భాస్వరం వాగుల్లోకి పోతాయి. నీళ్ళలో నాచు పెరుగుతుంది, చేపలకు ఊపిరాడదు.

1995 జూన్‌లో, వానల తర్వాత, ఆన్‌స్లో కౌంటీలో ఒక లాగూన్ గట్టు తెగింది. సుమారు రెండున్నర కోట్ల గాలన్ల మురుగు న్యూ రివర్‌లోకి పోయి, చేపలు కుప్పలుగా చచ్చాయి. 1997లో కొత్త లాగూన్లను ఆపారు, 2007లో ఆ నిషేధాన్ని శాశ్వతం చేశారు. పాతవి నడుస్తూనే ఉన్నాయి.

స్టీవ్ వింగ్ అనే శాస్త్రవేత్త చేసిన పని నాకు చాలా ఇష్టం. ఈ ఫారాలు ఎక్కువగా పేదలు, నల్లజాతివాళ్ళు ఉండే చోట్లనే ఉన్నాయని ఆయన లెక్కతీసి చూపించారు. ఇంకో అధ్యయనంలో ఇరుగుపొరుగువాళ్ళే రోజూ రెండుసార్లు, పదేసి నిమిషాలు ఆరుబయట కూర్చుని, కంపు ఎంతుందో రాసుకుని, తమ రక్తపోటు తామే కొలుచుకున్నారు. కంపు ఎక్కువున్నప్పుడు రక్తపోటూ పెరిగింది. అప్పటిదాకా వాళ్ళ బాధను వట్టి సణుగుడుగా కొట్టిపారేసినవాళ్ళ ముందు ఇప్పుడు అంకెలున్నాయి.

ఆ ఇరుగుపొరుగువాళ్ళు పందుల కంపెనీ మీద కోర్టుకెక్కితే 2018లో జ్యూరీలు వరసగా వాళ్ళ పక్షమే తీర్పిచ్చాయి. అదే ఏడాది రాష్ట్ర శాసనసభ, ఇకముందు ఇలాంటి కేసులు వేయడమే కష్టమయ్యేలా చట్టం మార్చింది. అది తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రేమతో,
మీ తాతయ్య