నాట్ ఇన్ సున్నా చూపితే డేటా పోయినట్లు కాదు

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూడటం నా పని. ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు ఇదే కంగారుతో ఫోన్ చేస్తారు: "సార్, నిన్నటిదాకా నిల్వ చూపించింది, ఈరోజు సున్నా అంటోంది. డేటా చెరిగిపోయిందా?" చెరిగిపోలేదండీ. బ్యాకప్ జోలికి వెళ్లకండి, ముందు క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ ప్రశ్న, చూడండి.

అపోహ: విలువ జాబితాలో ఉందా అని అడిగే ఇన్‌కు ముందు నాట్ చేర్చితే సరిగ్గా దానికి వ్యతిరేకమైన ఫలితం వస్తుంది.

వాస్తవం: జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఆ లెక్క తప్పుతుంది. లాట్ (ఒకసారి నిల్వకు వచ్చిన సరుకు) నంబర్లతో '512 నాట్ ఇన్ (480, 495, నల్)' అని రాశారనుకోండి. 512, 480 వేరా? అవును. 495తో వేరా? అవును. నల్‌తో వేరా? నల్ అంటే విలువ తెలియదని. తెలియనిదానితో పోలిస్తే జవాబూ 'తెలియదు' అనే వస్తుంది. ఈ మూడూ యాండ్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి మొత్తం జవాబు 'తెలియదు'. వరుసలను ఎంచే వేర్ షరతు 'నిజం' అని తేలిన వరుసలనే బయటికి పంపుతుంది. 480, 495 ఎలాగూ జాబితాలో ఉన్నవే; మిగతా లాట్లన్నిటికీ 512 గతే. అలా ఒక్క వరుస కూడా మిగలదు. ఉత్త ఇన్‌లో పోలికలు ఆర్‌తో కలుస్తాయి, ఒక్కటి కుదిరినా చాలు. అందుకే అక్కడ ఈ చిక్కు బయటపడదు.

ఒకచోట బయటికి వెళ్లని లాట్లను, గేట్ పాసుల్లోని లాట్ నంబర్ల జాబితా మీద నాట్ ఇన్‌తో తీస్తున్నారు. లారీ తొందరలో ఎవరో లాట్ నంబరు నింపకుండా గేట్ పాస్ సేవ్ చేశారు; ఆ ఖాళీయే జాబితాలో నల్ అయింది. అంతే, గోదాం నిండా మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉన్నా తెర మీద నిల్వ సున్నా. వైరస్ అని ఒకరు, సర్వర్ మార్చాలని ఇంకొకరు చెప్పేసరికి, రైతులకు ఏం జవాబు చెప్పాలో తెలియక ఆ గుమాస్తా కుర్రాడు వణికిపోయాడు. క్వెరీ చూడకుండా ఇలాంటి పుకార్లు పుట్టించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సరిపోలే వరుస లేదా అని మాత్రమే చూసే నాట్ ఎగ్జిస్ట్స్‌తో తిరగరాస్తే నిల్వ మొత్తం కనిపించింది. అయితే పని అక్కడితో అయిపోదు. ఖాళీ పాస్ మీద వెళ్లిన లాటు ఇంకా నిల్వలోనే కనిపిస్తుంది. దాని నంబరు వెతికి నింపాలి, ఆ కాలమ్‌కు ఖాళీని ఒప్పుకోని నాట్ నల్ నిబంధన పెట్టాలి.

మిగతావి చకచకా చెబుతాను. "రకం = 'తేజ' ఆర్ '334'" అని రాస్తే ఆ రెండు మిర్చి రకాలే రావు: డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే '334'ను నిజంగా తీసుకుని అన్ని వరుసలూ ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ అయితే ఎర్రర్ ఇస్తుంది. "రకం ఇన్ ('తేజ', '334')" అని రాయండి. ఆర్, యాండ్ కలిపి రాస్తే బ్రాకెట్లు పెట్టండి, యాండ్ ముందు ముడిపడుతుంది. ఇన్ కంటే ఆర్ వేగమన్న మాట నమ్మకండి, ఒకే కాలమ్ మీద సాధారణంగా రెండూ ఒకేలా నడుస్తాయి. ముందు ఆ కాలమ్‌కు ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) ఉందో లేదో చూసుకోండి. ఇన్‌లో రాసిన వరసలోనే ఫలితాలు రావు, వరస కావాలంటే ఆర్డర్ బై ఉండాల్సిందే.

'480,495' అనే ఒకే స్ట్రింగును (అక్షరాల వరసను) ఒక్క పారామీటర్‌గా, అంటే క్వెరీకి విడిగా ఇచ్చే విలువగా, పంపి ఏమీ రావడం లేదని బాధపడేవాళ్లూ ఉన్నారు. డేటాబేస్‌కు అది ఒకే విలువ. అలాగని స్ట్రింగును క్వెరీలో అతికించకండి, ఇంజెక్షన్‌కు, అంటే బయటివాళ్లు తమ ఆదేశాలను క్వెరీలోకి దూర్చడానికి, తలుపు తెరిచినట్లే. విలువకొక పారామీటర్ పంపండి. పోస్ట్‌గ్రెస్ అయితే ఇన్ బదులు '= ఎనీ' రాసి, దానికి ఒక అర్రే (విలువల జాబితా) ఇస్తే సరిపోతుంది.