కృష్ణలంక పార్కు వెనుక ఉన్న గోడ కథ

విజయవాడ బస్టాండు దాటి పద్మావతి ఘాట్ వైపు వస్తే కృష్ణలంక పొడవునా కాంక్రీటు గోడ, దాన్ని ఆనుకుని పార్కు. సాయంత్రమైతే వాకింగ్‌కి వచ్చేవాళ్లతో సందడిగా ఉంటుంది. ఇక్కడికి వచ్చేవాళ్లకు ఈ గోడ ఎందుకు లేచిందో తెలియాలని నా కోరిక.

1832–33లో వచ్చిన డొక్కల కరువుకు గుంటూరు సీమ అల్లాడిపోయింది. పక్కనే కృష్ణ ఉన్నా పొలానికి నీళ్లెక్కే దారి లేదు. ఆ తర్వాత ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఆనకట్ట మొదలుపెట్టి 1855కి పూర్తి చేశారు. డెల్టా పచ్చబడింది. 1952లో ఆనకట్టకు గండి పడితే, 1957 నాటికి 70 గేట్ల బ్యారేజీ కట్టి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

బ్యారేజీకి దిగువనే కృష్ణలంక. లంక అంటేనే ఏటి నేల. ఊళ్లో అద్దె కట్టలేని కూలీలు, చిన్న ఉద్యోగులు అక్కడే ఇళ్లు వేసుకున్నారు. కృష్ణలంకలోని రాణిగారితోటలో ఉండే మా పెద్దమ్మకు వరదంటే టీవీలో కనిపించే ఒక అంకె. 3.97 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్లు) దాటితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. మొదటిది వినగానే రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటకెక్కించేది. బియ్యం డబ్బా మంచం మీదికి, మంచం కింద నాలుగు ఇటుకలు. ఎన్నేళ్లని ఆ టెన్షన్! 2009 అక్టోబరులో వరద దాదాపు 11 లక్షల క్యూసెక్కులకు చేరింది.

ఆ వరదల్ని ఆపడానికే గోడ దశలవారీగా లేచింది. పార్కు 2024 మార్చిలో తెరిచారు. ఆ సెప్టెంబరులోనే 11.4 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను గుద్దాయి. కృష్ణలంక చాలావరకు నిలబడింది. అదే సమయంలో ఊరికి అవతల బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. గోడ ఒకవైపే కాస్తుందని అప్పుడు అందరికీ అర్థమైంది.

2009లో, 2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ గోడ మీద పెద్ద గీతలు గీయించాలి. పిల్లలు చేయెత్తి కొలుచుకోవాలి.

పెద్దమ్మ ఇప్పుడు సాయంత్రాలు పార్కుకే వస్తుంది. కాసేపు గోడకు ఆనుకుని నిలబడుతుంది. అటక మీది కవరు మాత్రం ఇంకా దించలేదు.