మామిడిలో పురుగు, తోటలో ఈగ: రైతుని ముంచే అపోహలు

జూన్‌లో రెండు వానలు పడ్డాయంటే నా ఫోన్ నిండా ఒకే రకం ఫోటోలు. కోసిన నీలం రకం మామిడికాయ, గుజ్జులో తెల్ల పురుగులు, కింద ఒక లైను: "మేడమ్, దీనికి ఏం మందు కొట్టాల?" బంగారుపాళ్యం నుంచి వచ్చినా, దామలచెరువు నుంచి వచ్చినా ప్రశ్న మారదు. మామిడిలో చీడపీడలు చూడటమే నా పని కాబట్టి విసుక్కోకూడదు. నాకు కోపం అడిగినవాళ్ళ మీద కాదు. ఆ ఫోటో చూడగానే ఇంకో మాట అడగకుండా డబ్బా తీసి చేతిలో పెట్టే అంగళ్ళ మీద.

అపోహ: పురుగు వేరు, ఈగ వేరు. కాయలో పురుగు కనిపిస్తే పురుగుమందు కొట్టాలి.

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. మన చిత్తూరు వైపు మామిడి రైతు డబ్బు ఎక్కువగా పోయేది దీనివల్లే.

ఆ తెల్ల పురుగు ఈగ పిల్ల. జంతువుల్లో ఆర్థ్రోపోడా వర్గం, అందులో కీటకాలు, కీటకాల్లో డిప్టెరా, అంటే రెండే రెక్కలున్నవి. చాలా కీటకాలకి నాలుగు రెక్కలుంటాయి. వీటికి వెనక జత రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి చిన్న బుడిపెలు మాత్రం ఉంటాయి, ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం. దోమ, ఇంటి ఈగ కూడా ఈ గుంపే. గుడ్డు, పురుగు, ప్యూపా (కదలకుండా పెంకులో ఉండే దశ), రెక్కల ఈగ: నాలుగు దశలూ ఒకే ప్రాణివి. మన మామిడిని ఎక్కువగా పట్టే పండు ఈగ పేరు బాక్ట్రోసెరా డోర్సాలిస్, కుటుంబం టెఫ్రిటిడే.

ఇప్పుడు తోటలో జరిగేది చూడండి. కాయ పక్వానికి వచ్చే వేళకి ఆడ ఈగ వచ్చి వాలుతుంది. వెనకున్న సూది మొనతో తొక్క గుచ్చి, తొక్క కిందనే గుడ్లు పెడుతుంది. బయటికి కనిపించేది చిన్న గోధుమ రంగు చుక్క. వేలితో నొక్కితే అక్కడ కొంచెం మెత్తగా ఉంటుంది, ఒక్కోసారి జిగురు చుక్క బయటికొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగిలి పురుగులు గుజ్జులోకి పోతాయి. మీరు పవర్ స్ప్రేయర్ పెట్టి ఎంత కొట్టినా ఆ మందు తొక్క మీదే ఆగుతుంది, లోపలున్న పురుగుకి తగలదు. కోత దగ్గరపడ్డాక కొట్టిన మందు అవశేషం మాత్రం కాయతోపాటు పల్ప్ ఫ్యాక్టరీకి పోతుంది.

పురుగు బలిశాక కాయ రాలుతుంది. రాలిన కాయలోంచి పురుగు బయటికొచ్చి మట్టిలో దూరుతుంది. లోతుకి కూడా పోదు, రెండు నుంచి ఐదు సెంటీమీటర్లే. అక్కడ ప్యూపా అవుతుంది. పది రోజులు అటూ ఇటూగా ఈగై పైకి లేస్తుంది. మన వాతావరణంలో గుడ్డు నుంచి ఈగ దాకా నెల కూడా పట్టదు. ముందు పండే బేనీషా కింద కాయలు రాలినవి రాలినట్టు వదిలేస్తే, అక్కడ లేచిన ఈగలే తోతాపురి మీద పడతాయి, ఆ తర్వాత నీలం మీద. ఆఖరున పండే నీలంలో పురుగు ఎక్కువెందుకని అడుగుతారు. అప్పటికి ఈగల తరాలు పెరిగిపోయి ఉంటాయి కాబట్టి.

పాకాల వైపు ఒక పెద్దాయన ఈ మాట అస్సలు ఒప్పుకోలేదు. "ఈగ ఈగే పాపా, పురుగు పురుగే. నేను పుట్టినప్పట్నుంచి చూస్తా ఉండా" అన్నాడు. వాదించి లాభం లేదనిపించింది. వాళ్ళింట్లో పాత బకెట్ తెప్పించి ఇసుక పోసి, నాలుగు రాలిన కాయలు పెట్టి, పైన పాత లుంగీ గుడ్డ కట్టించాను. అందులో ఒక కాయ కోస్తే పురుగు ఒకటి ఒళ్ళు ముడుచుకుని ఒక్కసారి జానెడు దూరం ఎగిరి పడింది. బలిసిన పండు ఈగ పురుగు అలాగే ఎగురుతుంది. అది చూసి వాళ్ళ మనవడు కేకలు పెట్టాడు, పెద్దాయన మాత్రం చలించలేదు. రెండు వారాలు దాటాక పొద్దున్నే ఫోన్: "పాపా, గుడ్డ కింద ఈగలు లేసినాయి! ఇప్పుడు వీటిని ఏం చేసేది?" గుడ్డ విప్పొద్దు తాతా, బకెట్‌ని అట్లే ఎండలో పెట్టమన్నాను. 1668లో ఇటలీలో ఫ్రాన్సిస్కో రెడీ అనే వైద్యుడు మాంసం మీద గుడ్డ కట్టి నిరూపించింది కూడా ఇంచుమించు ఇదే: పురుగు దానంతటది పుట్టదు, ఈగ గుడ్డు పెడితేనే వస్తుంది.

అందుకని మందుకంటే ముందు రాలిన కాయ సంగతి చూడండి. రోజూ ఏరండి. గట్టు మీద కుప్ప పోయడం, పక్క కాలువలో పారేయడం ఏరినట్టు కాదు, అది ఈగలకి మీరే కట్టించిన ఇల్లు. రెండడుగులకి తక్కువ కాకుండా గుంత తీసి పూడ్చి మట్టి గట్టిగా తొక్కండి, లేదా మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి ఎండలో పడేయండి. కోతయ్యాక చెట్ల కింద దున్నితే ప్యూపాలు పైకొచ్చి ఎండకి, పక్షులకి పోతాయి. కూలీ ఖర్చు అంటారు. నిజమే, ఖర్చే. లోపలికి చేరని మందు రెండు సార్లు కొట్టించడానికి అయ్యేదీ ఖర్చే కదా.

అపోహ: ట్రాప్ నిండా ఈగలు పడ్డాయి, ఇక భయం లేదు.

మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర పెట్టిన ట్రాప్‌లో పడేవి మగ ఈగలు. కాయని గుచ్చే ఆడది అటు తిరిగి కూడా చూడదు. మిగిలిన కొద్ది మగవే చాలా ఆడవాటితో కలుస్తాయి. ట్రాప్ వద్దనడం లేదు, ఎకరానికి నాలుగైదు కట్టండి. కాయలు పక్వానికి రాకముందే కట్టండి, అది కూడా పక్క తోటలవాళ్ళతో కలిసి. మీ ఒక్కరి తోటలో కడితే పక్కనుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఈగకి గట్టు తెలియదు. ఆడదాన్ని కూడా లాగేది తిండి. గుడ్లు తయారు కావాలంటే దానికి ప్రొటీన్ కావాలి. అందుకే ప్రొటీన్ ఎరలో మందు కలిపి మాను మీద, కింది కొమ్మల మీద అక్కడక్కడా చల్లమంటారు. మన దగ్గర బెల్లం నీళ్ళు వాడేవాళ్ళూ ఉన్నారు. చెట్టంతా తడపాల్సిన పని లేదు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ రైతు సేవా కేంద్రంలో అడిగి కలపండి, అంగట్లో కాదు.

అపోహ: వానకి పురుగు పుడుతుంది. వాన నీళ్ళలో పురుగు రాదు. కాయ పండే వేళ, నేల తడిసే వేళ, ఈగలు ఎక్కువయ్యే వేళ మూడూ కలిసొస్తాయి, అంతే.

అపోహ: పండు ఈగ అంటే కందిరీగే, కుడుతుంది. నడుము సన్నగా, ఒంటి మీద పసుపు చారలతో ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. కందిరీగకి నాలుగు రెక్కలు, దీనికి రెండు. వెనకున్న సూది కాయకే, మనిషికి కాదు.

అపోహ: టెంకలో పురుగూ ఇదే. కాదు, టెంక పురుగు ఒక పెంకు పురుగు పిల్ల. దాని తల్లి కాయ లేతగా ఉన్నప్పుడే గుడ్డు పెడుతుంది. కాయ కోసి చూస్తే తేడా తెలిసిపోతుంది: గోధుమ రంగు తలతో టెంకలో కూర్చున్నది అది, తల కనిపించకుండా ఒక కొస సన్నగా ఉండి గుజ్జులో తిరిగేది ఈగ పిల్ల. రెండింటికీ ఒకే మందు అమ్మేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి మళ్ళీ మొదలుపెడితే ఇది తెగదు.

అపోహ: వంటింట్లో అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలు తోటని పాడుచేస్తాయి. అవి డ్రోసోఫిలా, వేరే కుటుంబం. మాగి పులిసిన పండు మీద ఈస్ట్ కోసం వస్తాయి, చెట్టు మీది గట్టి మామిడిని గుచ్చలేవు. 1910లో అమెరికా శాస్త్రవేత్త మోర్గన్ తెల్లకళ్ళ ఈగని పట్టుకుని జన్యువుల సంగతి తేల్చింది వీటితోనే, 1933లో నోబెల్ కూడా వచ్చింది. తిరుపతి కాలేజీల్లో సీసాల్లో పెంచేదీ ఇవే. పళ్ళు మూత పెట్టి, చెత్తబుట్ట రోజూ ఖాళీ చేస్తే చాలు.

ఆఖరిది రైతులది కాదు, తల్లులది. తిరుపతి నుంచి ఒకావిడ రాత్రి పదిన్నరకి ఫోన్ చేసింది. బాబు సగం పండు తిన్నాక పురుగు కనిపించిందట. "కడుపులో నట్టలు పడతాయా మేడమ్? ఆస్పత్రికి తీసకపోవాలా?" గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది. కడుపులో ఉండే నులిపురుగులు నెమటోడా వర్గం, ఈగది ఆర్థ్రోపోడా, రెండూ వేరే వర్గాలు. పండు ఈగ పిల్ల పండులో బతికే జీవి, కడుపులో నట్టగా మారదు. బాబు ఆడుకుంటున్నాడా అని అడిగాను. ఆడుకుంటున్నాడంది. అయితే టెన్షన్ పడొద్దమ్మా, వాంతులో కడుపునొప్పో ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి, మిగిలిన పండుని చెత్తబుట్టలో ఊరికే వేయకుండా కవర్లో మూతి కట్టి పడేయండి అన్నాను.